మాంసం లేని మిన్స్‌మీట్, గుద్దుల్లేని బాక్సింగ్ డే: క్రిస్మస్ ఇంగ్లీషు చిక్కుముళ్ళు

2024 డిసెంబరు 28న మెల్‌బోర్న్ మైదానంలో మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి సెంచరీ కొట్టాడు. ఎనిమిదో నంబరులో దిగి 114 పరుగులు. ఆ టెస్టు జరిగినన్ని రోజులూ వ్యాఖ్యాతల నోట 'బాక్సింగ్ డే టెస్ట్' అన్న మాటే. క్రికెట్ ఆటలో ఈ బాక్సింగ్ ఏమిటని ఇంట్లో పిల్లలు అడిగితే, ఆ రోజు ఆస్ట్రేలియాలో బాక్సింగ్ పోటీలు జరుగుతాయని సర్దిచెప్పిన పెద్దలు ఉండే ఉంటారు.

ఆ మాటకూ గుద్దులాటకూ సంబంధం లేదు. బాక్స్ అంటే ఇక్కడ పెట్టె. లండన్‌లో నౌకాదళ కార్యాలయంలో పనిచేసిన శామ్యూల్ పీప్స్ 1663 డిసెంబరు 19న తన డైరీలో, చెప్పులు కుట్టేవాడి దుకాణంలో కుర్రాళ్ళు పెట్టిన క్రిస్మస్ పెట్టెలో కొంత డబ్బు వేశానని రాసుకున్నాడు. ఏడాదంతా పనిచేసి పెట్టిన నౌకర్లకు, పాలవాడికి, తపాలా బంట్రోతుకు పండక్కి ఇచ్చే డబ్బుకు 'క్రిస్మస్ బాక్స్' అని పేరు. మన దసరా మామూలు లాంటిదన్నమాట. పండగ రోజున దొరల ఇళ్ళలో వడ్డించి, మర్నాడు సెలవు తీసుకుని ఆ పెట్టెతో ఇంటికి వెళ్ళేవారు కాబట్టి డిసెంబరు 26 'బాక్సింగ్ డే' అయిందని ఎక్కువమంది చెప్పే కథ. చర్చిల్లో పేదల కోసం పెట్టిన హుండీలను ఆ రోజు తెరిచేవారు కాబట్టి అని ఇంకో కథ. రెంటిలోనూ పెట్టె పెట్టే. 1871లో బ్రిటిష్ పార్లమెంటు ఆ రోజును బ్యాంకు సెలవుగా ప్రకటించింది. తెలంగాణ ప్రభుత్వ సెలవుల జాబితాలో కూడా క్రిస్మస్ మర్నాడు బాక్సింగ్ డే అని ఉంటుంది. అమెరికాలో మాత్రం ఆ పేరు పెద్దగా తెలియదు. వాళ్ళకు 26 మామూలు పని రోజే.

క్రిస్మస్ ఇంగ్లీషుతో చిక్కంతా ఇలాంటిదే. మాటలు కొత్తవైతే డిక్షనరీ తీస్తాం. ఇవి మనకు తెలిసినవే: బాక్స్, క్రాకర్, పుడ్డింగ్, ప్లమ్, గ్రేవీ, స్టార్. తెలుసనుకుని దాటేస్తాం, అక్కడే బోల్తా పడతాం. దీనికి రెండు కారణాలు. ఒకటి, నాలుగైదు వందల ఏళ్ళ ఆచారాల్లో వస్తువు మారిపోయినా పాత పేరే నిలిచిపోయింది. రెండు, ఇంగ్లీషు మన దగ్గరకు వచ్చాక మనమూ దానికి కొన్ని సొంత అర్థాలు తగిలించుకున్నాం. బ్రిటన్‌లో చదువుకో ఉద్యోగానికో వెళ్ళిన తెలుగువాళ్ళకు డిసెంబరులో ఈ రెండూ ఒకేసారి ఎదురవుతాయి. అందుకని ఇక్కడ బ్రిటన్ పండగనే పట్టుకుని నడుస్తాను, అవసరమైన చోట అమెరికా సంగతి చెబుతాను.

భోజనాల బల్ల దగ్గర

అన్నిటికంటే ఎక్కువ తికమక తిండి దగ్గరే. డిసెంబరు మొదలవగానే బ్రిటన్‌లో ప్రతి ఆఫీసులో, ప్రతి చర్చిలో, ప్రతి ఇంట్లో 'మిన్స్ పై' చేతికిస్తారు. పై అంటే లోపల పూర్ణం పెట్టి కాల్చిన పిండివంట. ఇది అరచేతిలో ఇమిడేంత చిన్నది, గుండ్రటిది, మీద పంచదార పొడి. మిన్స్ అంటే మనకు కైమా. బ్రిటన్ మాంసం దుకాణంలో కూడా కైమాను మిన్స్ అనే అంటారు. కనుక శాకాహారి అయిన మన కుర్రాడు మర్యాదగా వద్దంటాడు. మాంసాహారి కొరికి చూసి, తియ్యగా తగిలేసరికి తెల్లమొహం వేస్తాడు. లోపల ఉన్నది మిన్స్‌మీట్. అంటే ఎండుద్రాక్ష, యాపిల్ తురుము, నారింజ తొక్క, జాజికాయ, దాల్చినచెక్క, కాస్త బ్రాందీ కలిపి ఊరబెట్టిన ముద్ద. మధ్యయుగాల్లో ఇందులో నిజంగానే గొర్రెమాంసమో, ఎద్దుమాంసమో ఉండేది. పండ్లు, మసాలా దినుసులు దానికి తోడు. పోనుపోను మాంసం తగ్గి, విక్టోరియా రాణి కాలానికి దాదాపు మాయమైంది. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

మాంసం పూర్తిగా పోయిందా అంటే, ఒక మెలిక ఉంది. సంప్రదాయ మిన్స్‌మీట్‌లో 'స్యూయెట్' వేస్తారు. పశువు మూత్రపిండాల చుట్టూ ఉండే గట్టి కొవ్వు అది, సాధారణంగా ఎద్దుది. ఇప్పుడు దుకాణాల్లో దొరికే మిన్స్ పైల్లో చాలావాటిలో 'వెజిటబుల్ స్యూయెట్' వాడుతున్నారు. కానీ అన్నిటిలోనూ కాదు. ఇంట్లో చేసినవైతే అసలే చెప్పలేం. గొడ్డుమాంసం తిననివాళ్ళు, శాకాహారులు డబ్బా మీద 'సూటబుల్ ఫర్ వెజిటేరియన్స్' అన్న ముక్క చూసుకోవాలి. ఎవరైనా చేసి తెచ్చినదైతే 'ఈజ్ ఇట్ వెజిటబుల్ స్యూయెట్?' అని అడిగితే తప్పుగా అనుకోరు. ఈ ఒక్క మాట తెలియకపోవడం వల్ల పడే ఇబ్బంది చాలా ఎక్కువ కాబట్టి ఇంత వివరంగా చెబుతున్నాను.

తర్వాతది క్రిస్మస్ పుడ్డింగ్. పుడ్డింగ్ అనగానే మనకు కస్టర్డ్‌తో చేసిన మెత్తటి తీపి వంటకం గుర్తొస్తుంది. ఇది నల్లగా, బరువుగా, బోర్లించిన గిన్నె ఆకారంలో ఉంటుంది. గంటల తరబడి ఆవిరి మీద ఉడికిస్తారు. దీని పాత పేరు ప్లమ్ పుడ్డింగ్, కానీ ఇందులో ప్లమ్ పండ్లు ఉండవు. ఎండుద్రాక్షను ప్లమ్ అనడం ఒకప్పటి ఇంగ్లీషు వాడుక. మన బేకరీల్లో డిసెంబరు నెలంతా అమ్మే 'ప్లమ్ కేక్' ఆ వాడుకకు వారసురాలే. మనం ప్లమ్ కేక్ అనేదాన్ని బ్రిటన్‌లో క్రిస్మస్ కేక్ అంటారు. దాని మీద బాదం పొడి, పంచదారతో చేసిన 'మార్జిపాన్' పొర, ఆపైన తెల్లటి ఐసింగ్ ఉంటాయి. ఏమీ పూయని ఉత్త కేకైతే ఫ్రూట్ కేక్. అయితే మనిషిని ఫ్రూట్‌కేక్ అంటే మాత్రం తిక్కమనిషి అని అర్థం.

పుడ్డింగ్ కలపడానికి ఒక రోజుంది, 'స్టిర్-అప్ సండే'. అడ్వెంట్‌కు ముందు వచ్చే ఆదివారం. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాల కాలాన్ని అడ్వెంట్ అంటారు, మన కతోలిక చర్చిల్లో ఆగమన కాలం అంటారే, అదే. ఆ ఆదివారం ఆంగ్లికన్ చర్చి ప్రార్థనా గ్రంథంలో చదివే ప్రార్థన 'స్టిర్ అప్' అన్న మాటలతో మొదలవుతుంది. ప్రభువా, నీ జనుల మనసులను కదిలించు అని దాని భావం. కానీ గుడిలో కూర్చున్న ఇల్లాళ్ళకు స్టిర్ అనగానే గరిటె గుర్తొచ్చింది. ఇంటికెళ్ళి పుడ్డింగ్ పిండి కలపాలి కదా! ఇంట్లో ప్రతి ఒక్కరూ ఒకసారి గరిటె తిప్పి మనసులో ఏదో కోరుకుంటారు. పిండిలో ఒక వెండి సిక్స్‌పెన్స్ నాణెం వేసేవారు. ఎవరి ముక్కలో వస్తే వాళ్ళకు ఆ ఏడు అదృష్టం, పన్ను విరగకపోతే. పండగ రోజు ఆ పుడ్డింగ్ మీద బ్రాందీ పోసి నిప్పు అంటిస్తారు. నీలిమంట ఆడుతుండగా బల్ల మీదికి తెస్తారు.

ఇంతకీ పుడ్డింగ్ అన్న మాటనే ఒక పట్టాన నమ్మకూడదు. బ్రిటన్‌లో 'వాట్స్ ఫర్ పుడ్డింగ్?' అంటే భోజనం చివర తీపి ఏమిటని ప్రశ్న. యాపిల్ పై అయినా, ఐస్‌క్రీమ్ అయినా పుడ్డింగే. యార్క్‌షైర్ పుడ్డింగ్ మాత్రం తీపి కాదు, మైదా, గుడ్డు, పాలు కలిపి పొంగించింది. బ్లాక్ పుడ్డింగ్ అయితే పందిరక్తంతో చేసిన సాసేజ్. మూడు పుడ్డింగులకూ పేరు తప్ప చుట్టరికం లేదు.

బల్ల మధ్యలో టర్కీ కోడి. 'టర్కీ విత్ ఆల్ ది ట్రిమ్మింగ్స్' అంటారు. మనకు ట్రిమ్మింగ్ అంటే గడ్డం కత్తిరించుకోవడం. అక్కడ కోడి చుట్టూ పేర్చే సైడ్ డిష్‌లన్నీ ట్రిమ్మింగ్సే: వేయించిన బంగాళదుంపలు, కోడి లోపల కూరే ముద్ద స్టఫింగ్, క్రాన్‌బెర్రీ సాస్, చిట్టి క్యాబేజీల్లా ఉండి పిల్లలు ముఖం చిట్లించే బ్రసెల్స్ స్ప్రౌట్స్. 'పిగ్స్ ఇన్ బ్లాంకెట్స్' అంటే బేకన్ చుట్టిన చిన్న సాసేజ్‌లు, పంది మీద పంది. అమెరికాలో అదే పేరుతో పిండి చుట్టిన సాసేజ్ వస్తుంది. గ్రేవీ అంటే మన చికెన్ కర్రీలోని చిక్కటి పులుసు కాదు. కోడి కాల్చినప్పుడు కారిన రసంతో చేసే గోధుమరంగు ద్రవం, ఉప్పు తప్ప కారం ఉండదు. దాని గురించి ఫిర్యాదు చేసి లాభం లేదు, అది అలాగే ఉండాలి.

పేలే కాగితం, నవ్వు రాని జోకు

బ్రిటన్‌లో ఎవరైనా డిసెంబరులో 'షల్ వుయ్ పుల్ ఎ క్రాకర్?' అంటే కాకరపువ్వొత్తుల కోసం పెరట్లోకి వెళ్ళక్కర్లేదు. దీపావళి టపాసులను మనం క్రాకర్స్ అంటాం. వాళ్ళు వాటిని ఫైర్‌వర్క్స్ అంటారు, పేలేవాటిని బ్యాంగర్స్ అంటారు. అమెరికావాళ్ళకైతే క్రాకర్ అంటే ఉప్పు బిస్కెట్. క్రిస్మస్ క్రాకర్ ఇవేవీ కాదు. రెండు చివర్లా మెలితిప్పిన రంగుకాగితపు గొట్టం, పెద్ద చాక్లెట్‌లా ఉంటుంది. భోజనానికి కూర్చోగానే పక్కవాళ్ళతో చెరో చివర పట్టుకుని లాగుతారు. చిన్న 'టప్' మంటుంది. పెద్ద ముక్క ఎవరి చేతిలో మిగిలితే లోపలి సరుకు వాళ్ళది: ఒక పల్చటి కాగితపు కిరీటం, గోరు కత్తెర లాంటి పనికిరాని బహుమతి, ఒక జోకు రాసిన చీటీ. ఆ కిరీటం తలకు పెట్టుకునే తినాలి. ఎంత పెద్ద హోదా ఉన్నవాళ్ళకైనా మినహాయింపు లేదు.

దీన్ని కనిపెట్టింది టామ్ స్మిత్ అనే లండన్ మిఠాయి వ్యాపారి, 1840ల్లో. పారిస్‌లో బాదం మిఠాయిలను మెలితిప్పిన కాగితంలో చుట్టి అమ్మడం చూసి అదే పని లండన్‌లో మొదలుపెట్టాడు. అమ్మకాలు తగ్గినప్పుడు లోపల చీటీ పెట్టాడు, తర్వాత పేలుడు చేర్చాడు. ఆ 'టప్' శబ్దం సిల్వర్ ఫల్మినేట్ అనే పేలుడు రసాయనం పూసిన సన్నటి అట్టముక్క నుంచి వస్తుంది. రెండు పూతలు ఒకదానికొకటి రాసుకుంటే చాలు.

ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళకు క్రాకర్‌లో అసలు సరుకు ఆ జోకే. మంచు బొమ్మకూ రక్తపిశాచికీ పెళ్ళి చేస్తే ఏం పుడుతుంది? జవాబు: ఫ్రాస్ట్‌బైట్. ఫ్రాస్ట్ అంటే గడ్డకట్టిన మంచు, బైట్ అంటే కాటు. రెండూ కలిస్తే, విపరీతమైన చలికి వేళ్ళు మొద్దుబారి చచ్చుబడే జబ్బు పేరు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వరు, మూలుగుతారు. ఆ మూలుగే దానికి మెచ్చుకోలు. జోకు బాగుంటే ఒకరిద్దరికి అర్థం కాకపోవచ్చు, చెత్తగా ఉంటే అందరూ కలిసి తిట్టుకోవచ్చు అన్నది అక్కడి లెక్క. ఆ మూలుగులో మీరూ గొంతు కలిపారంటే మీ ఇంగ్లీషు గట్టిపడినట్టే.

సీరియల్ సెట్లు, సెమీ క్రిస్మస్

ఇక మన సొంత అర్థాలు. చెట్టుకు చుట్టే చిన్న దీపాల తీగను మనం సీరియల్ సెట్ అంటాం. పాత రోజుల్లో ఆ బల్బులన్నీ ఒకే వరసలో, సిరీస్‌లో కలిపేవారు కాబట్టి వచ్చిన పేరు. లండన్ దుకాణంలో ఆ మాట అంటే అల్పాహారం అరల వైపు చూపిస్తారు, కార్న్‌ఫ్లేక్స్ లాంటివి సీరియల్సే మరి. అడగాల్సిన మాట 'ఫెయిరీ లైట్స్'. కొమ్మలకు వేలాడదీసే మెరుపు గోళాలు బ్రిటన్‌లో 'బాబుల్స్', అమెరికాలో 'ఆర్నమెంట్స్'. జిగేల్‌మనే రేకు దండ టిన్సెల్. తలుపుకు తగిలించే ఆకుల చక్రాన్ని 'రీత్' అనాలి, స్పెల్లింగులో ముందున్న డబ్ల్యూ పలకదు. గుమ్మం మీద కట్టే మిసిల్‌టోలో మొదటి టీ అక్షరం కూడా అంతే. మన మామిడిచెట్ల మీద పెరిగే బదనిక లాంటి మొక్క అది. దాని కింద ఇద్దరు ఎదురుపడితే ముద్దు పెట్టుకోవాలని ఆచారం. ఆఫీసుల్లో మాత్రం ఈ ఆచారాన్ని మరిచిపోవడమే క్షేమం.

తెలుగు ఊళ్ళలో క్రైస్తవ ఇళ్ళ ముందు వెదురుపుల్లలతోనో, అట్టతోనో చేసిన నక్షత్రం వెలుగుతుంది. బ్రిటన్‌లో స్టార్ అంటే చెట్టు కొసన పెట్టేదే ఎక్కువ. చర్చి ఆవరణలో కట్టే పశువుల పాకను మనం క్రిబ్ అంటాం, బ్రిటన్‌లోనూ అదే మాట. అమెరికాలో క్రిబ్ అంటే పసిపిల్లల మంచం, పాకను 'నేటివిటీ సీన్' అంటారు. ఈ నేటివిటీ ఇంకో ముడి. సినిమావాళ్ళు 'కథలో నేటివిటీ లేదు' అంటారు, మీసేవలో నేటివిటీ సర్టిఫికెట్ ఇస్తారు. ఇంగ్లీషువాళ్ళకు ఆ మాట వినగానే తోచేది క్రీస్తు జననం. బ్రిటన్‌లో చాలా ప్రాథమిక పాఠశాలలు డిసెంబరులో 'నేటివిటీ ప్లే' వేయిస్తాయి. అక్కడ స్థిరపడిన తెలుగు తల్లిదండ్రులకు బడి నుంచి మీ అమ్మాయి గొర్రె, మీ అబ్బాయి సత్రం యజమాని అని కబురు వస్తుంది. గొర్రెల కాపరి వేషానికి వంటింటి తువ్వాలు తలకు చుట్టి పంపితే చాలు. వేషాల్లో ముగ్గురు 'వైజ్ మెన్' కూడా ఉంటారు, తెలుగు బైబిల్లోని తూర్పుదేశపు జ్ఞానులు. మత్తయి సువార్తలో వాళ్ళు ఎందరో లేదు. బంగారం, సాంబ్రాణి, బోళం అని కానుకలు మూడున్నాయి కాబట్టి మనుషులూ ముగ్గురయ్యారు.

మన మాటలు కొన్ని అక్కడ అసలు చెల్లవు. డిసెంబరు మొదటి వారం నుంచే మన చర్చిల్లో, అపార్ట్‌మెంట్లలో, రాజకీయ నాయకుల సమక్షంలో జరిగే సెమీ క్రిస్మస్ బ్రిటిష్‌వాళ్ళకు అర్థం కాదు, పండగ సగంలో ఆగిందేమో అనుకుంటారు. అలాంటి ముందస్తు విందును వాళ్ళు 'క్రిస్మస్ డూ' అంటారు. ఆఫీసు విందైతే 'వర్క్స్ డూ'. చేయడం అనే డూ ఇక్కడ నామవాచకం. క్యారల్ రౌండ్స్ అన్నదీ మనదే, అక్కడ క్యారల్ సింగింగ్. దక్షిణాది కాలేజీల్లో, ఆఫీసుల్లో చీటీలు తీసి ఆడే 'క్రిస్ మామ్, క్రిస్ చైల్డ్' అక్కడ సీక్రెట్ శాంటా. క్రిస్మస్ తాతకు మాత్రం అక్కడే రెండు పేర్లున్నాయి. ఫాదర్ క్రిస్మస్ ఇంగ్లండు పాత పండగ పెద్దమనిషి. శాంటా క్లాజ్, నాలుగో శతాబ్దపు బిషప్ సెయింట్ నికొలస్ నుంచి డచ్చివారి సింటర్‌క్లాస్‌గా మారి, అమెరికా మీదుగా తిరిగి వచ్చినవాడు. ఇద్దరూ ఇప్పుడు ఒకే ఎర్ర కోటులో కలిసిపోయారు.

'ఎక్స్‌మస్' అని రాస్తే క్రీస్తును కొట్టేసినట్టని మన దగ్గర కొందరు నొచ్చుకుంటారు. అది ఇంగ్లీషు ఎక్స్ కాదు, గ్రీకు 'ఖీ' అక్షరం. గ్రీకులో క్రీస్తు పేరు ఆ అక్షరంతోనే మొదలవుతుంది. శతాబ్దాలుగా రాతపనివాళ్ళు వాడిన సంక్షిప్త రూపమది. రాయవచ్చు, అయితే శుభాకాంక్షల కార్డుల మీద పూర్తిగా రాయడమే మర్యాదగా ఉంటుంది.

శుభాకాంక్షల్లో ఒక 'ఎ'

కార్డు అన్నాం కాబట్టి, మొదటి వాణిజ్య క్రిస్మస్ కార్డు 1843లో వచ్చింది. అచ్చు వేయించినవాడు హెన్రీ కోల్, బొమ్మ గీసినవాడు జాన్ హార్స్‌లీ. అంతకు మూడేళ్ళ ముందే ఒక్క పెన్నీకే ఉత్తరం పంపే పెన్నీ తపాలా వచ్చి ఉత్తరాలు గుట్టలుగా పడుతుంటే, ఒక్కొక్కరికీ జవాబు రాసే తీరిక లేక కోల్ ఈ ఉపాయం పట్టాడు. దాని మీద 'ఎ మెర్రీ క్రిస్మస్ అండ్ ఎ హ్యాపీ న్యూ ఇయర్ టు యూ' అని ఉంది. ఆ రెండు 'ఎ'లూ గమనించండి. మనవాళ్ళు 'విష్ యూ హ్యాపీ క్రిస్మస్' అని వాటిని మింగేస్తారు. శుభాకాంక్ష వాక్యంలో ఉన్నప్పుడు 'ఐ విష్ యూ ఎ మెర్రీ క్రిస్మస్' అనాలి, విడిగా అరిచేటప్పుడు 'మెర్రీ క్రిస్మస్!' చాలు. మెర్రీ అన్న మాట దాదాపుగా ఈ పండక్కే అంకితం, పుట్టినరోజుకు వాడరు. పైగా బ్రిటన్‌లో 'హీ ఈజ్ ఎ బిట్ మెర్రీ' అంటే కాస్త మందు ఎక్కిందని. అక్కడ హ్యాపీ క్రిస్మస్ అనేవాళ్ళూ చాలామందే, అమెరికాలో మెర్రీదే రాజ్యం.

'అడ్వాన్స్ హ్యాపీ క్రిస్మస్' అచ్చంగా మన దేశపు సరుకు. సెలవులకు ముందు ఆఖరి రోజున బ్రిటిష్ సహోద్యోగి చెప్పేది 'హ్యావ్ ఎ లవ్లీ క్రిస్మస్, ఇఫ్ ఐ డోంట్ సీ యూ బిఫోర్' అని. జవాబుగా 'సేమ్ టు యూ' తప్పు కాదు, 'యూ టూ' అంటే ఇంకా సహజంగా ఉంటుంది.

విభక్తుల దగ్గర కూడా జాగ్రత్త. పండగ రోజులన్నీ కలిపి చెప్పాలంటే 'ఎట్ క్రిస్మస్'. ఆ ఒక్క రోజైతే 'ఆన్ క్రిస్మస్ డే'. సెలవుల పొడవునా అంటే 'ఓవర్ క్రిస్మస్'. బహుమతి గురించైతే 'ఫర్ క్రిస్మస్'. 'ఇన్ క్రిస్మస్' ఎక్కడా కుదరదు. క్రిస్మస్ ఈవ్‌లోని ఈవ్‌ను సాయంత్రం అనుకోవద్దు. 24వ తేదీ పొద్దున కూడా క్రిస్మస్ ఈవే.

ఆ 24నే సరుకులు తెచ్చుకోవాలి కూడా. 2004లో వచ్చిన చట్టం ప్రకారం ఇంగ్లండ్, వేల్స్‌లలో 280 చదరపు మీటర్లు దాటిన దుకాణాలు క్రిస్మస్ రోజున తెరవకూడదు. రైళ్ళు నడవవు, లండన్ మెట్రో కూడా నడవదు. 'ఎవ్రీథింగ్స్ షట్' అన్న మాటను కొత్తగా వెళ్ళిన విద్యార్థులు అతిశయోక్తి అనుకుని, 25న ఖాళీ ఫ్రిజ్‌తో మిగిలిపోతుంటారు. మూల మీద చిన్న కొట్టు, మన ఉపఖండంవాళ్ళదైతే మరీను, తెరిచి ఉండొచ్చు.

పండగ ఆ రోజుతో మొదలై పన్నెండు రోజులు సాగుతుంది. చివరి రాత్రి 'ట్వెల్ఫ్త్ నైట్'. ఆలోపు అలంకరణలన్నీ తీసేయాలి, ఉంచితే అరిష్టమని నమ్మకం. 25 నుంచి లెక్కపెట్టేవాళ్ళకు అది జనవరి 5, జ్ఞానులు వచ్చిన ఎపిఫనీ పండగ రోజునే లెక్కలో వేసుకునేవాళ్ళకు 6. ఈ తేదీ మీద బ్రిటిష్‌వాళ్ళలోనే ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. అద్దింట్లో ఉంటే, ఇంటావిడను అడిగి ఆవిడ ఏ తేదీ అంటే ఆ తేదీకి ఫెయిరీ లైట్స్ విప్పేయండి.